అమావాస్య పోటులో హేవ్‌లాక్

మా మామయ్య రొయ్యల గుంటల మనిషి. కావలికి తూర్పున, సముద్రం వైపు చాలా ఏళ్ళుగా వెనామీ రకం రొయ్య వేస్తున్నారు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, అయిపోయి గుంటలు ఎండబెట్టే రోజుల్లో తప్ప ఆయన ఊరు వదలరు. రాత్రిపూట కరెంటు పోయి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి పంటంతా తేలిపోద్దని భయం. మా ఇంట్లో ఎవరి సెలవైనా రొయ్యల్ని బట్టే. ఈసారి సంక్రాంతికి ముందే పట్టుబడి అయింది, రేటు కూడా పరవాలేదు, "యాడికన్నా పోదాం పదండి" అని ఆయనే అన్నారు. ఆ మాట మళ్ళీ వెనక్కి తీసుకునేలోగా టికెట్లు కొనెయ్యాలని మా ఆయన ఆ రాత్రే ఫోను పట్టుకొని కూర్చున్నాడు.

పిల్లలకి మాల్దీవులు కావాలి. అత్తమ్మకి పాస్‌పోర్టు లేదు, మామయ్యది ఎప్పుడో గడువు దాటిపోయింది. అందుకే అండమాన్. పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్ దీవులు చూసి రావడానికి మనవాళ్ళకి ఏ పర్మిట్టూ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. పేర్లు మాత్రం రెండేసి గుర్తుంచుకోవాలి. హేవ్‌లాక్ 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. పడవ టికెట్టు మీద ఒక పేరుంటే హోటలు రసీదు మీద ఇంకొకటి ఉంటుంది. అక్కడి జనం మాత్రం పాత పేర్లే అంటున్నారు.

విమానం రేటు అన్నిటికన్నా తక్కువగా కనపడిన రోజు అష్టమి. "అష్టమి నాడు ఇల్లు కదల్తామా ఏంది?" అని అత్తమ్మ క్యాలెండరు గోడ మీంచి తీసి మా ఆయన ఒళ్ళో పెట్టింది. నవమి అసలే కాదు. దశమి నాడు రేటు మండిపోతోంది. ఏకాదశి ఉపవాసం. చివరికి ద్వాదశి నాడు ఇల్లు దాటేటట్టు, అమావాస్య వెళ్ళాక తిరిగొచ్చేటట్టు ఖాయమైంది. అమావాస్య నాడు ప్రయాణం కాదు, అక్కడే ఉంటాం కాబట్టి దోషం లేదట. ఆ మాట మామయ్య చెవిన కూడా పడింది. "అమావాస్యకా, సముద్రం పక్కనా?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు.

బుకింగు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే దీవికి పోవడంలో సగం పని ఇదే. ముందు రిసార్టు, తర్వాత విమానం అనుకుంటారు అందరూ. అక్కడ అన్నిటినీ శాసించేది పడవ. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు పడవలు హడ్డో రేవు నుంచి, ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే రేవు నుంచి పోతాయి. సీజన్లో ముందే నిండిపోతాయి, మధ్యాహ్నం దాటితే ఆ రోజుకి ఇక లేనట్టే. చెన్నై నుంచి విమానం రెండుంబావు గంటల దారి. ఉదయం విమానానికి పోతే అదే రోజు పడవ అందుతుంది, లేదంటే పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి ఖర్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. గాలి ఎక్కువై పడవ రద్దయితే విమానం మన కోసం ఆగదు. కాబట్టి పడవ చూసి విమానం, ఆ రెండూ చూసి రిసార్టు.

రిసార్టులో మాకు రెండు కాటేజీలు కావాలి, పక్కపక్కన. పిల్లలకి అదనపు మంచం రేటు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఒక చోట ఆరేళ్ళ లోపే ఉచితం, చిన్నదానికి ఏడు. రాత్రికి గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం పడుతుంది. ఆ గీతకి కాస్త కింద అద్దె పెట్టిన రిసార్టులు ఎన్ని ఉన్నాయో వెతికితే తెలిసింది. టిఫినూ రాత్రి భోజనమూ కలిపి తీసుకున్నాం, మధ్యాహ్నం ఎక్కడ ఉంటామో తెలియదు కదా. మేం తీసుకున్న రిసార్టు దీవికి తూర్పు ఒడ్డున, ఐదో నంబరు వైపు. హేవ్‌లాక్‌లో బీచీలకీ ఊళ్ళకీ నంబర్లే పేర్లు: మూడో నంబరంటే బజారు, ఐదో నంబరంటే విజయనగర్, ఏడో నంబరంటే రాధానగర్. విజయనగరం పేరు చూసి అత్తమ్మ సంతోషించింది. ఫోటోలో కొబ్బరిచెట్ల మొదళ్ళ దాకా పచ్చటి నీళ్ళు.

కావలిలో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో దిగి, మెట్రోలో ఎయిర్‌పోర్టు దగ్గరికి పోయి, అక్కడే లాడ్జిలో పడుకొని తెల్లవారుజామున లేచాం. దాని గురించి చెప్పడానికేమీ లేదు. మామయ్యకి మొదటి విమానం. కిటికీ సీటు మనవరాలికి ఇవ్వలేదు.

పడవలో మాత్రం చూడాలి. బయటి నుంచి అందంగానే ఉంటుంది, లోపల ఏసీ హాలు, అద్దాలు తెరుచుకోవు. రేవులో సామాను స్కానింగు, ఆధార్ చూడటం, బోర్డింగ్ పాసు, అంతా విమానం తంతే. బయల్దేరిన కాసేపటికే కుర్రాళ్ళు కవర్లు పంచుతూ వచ్చారు, అవి ఎందుకో పది నిమిషాల్లో అర్థమైంది. వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోవాలి. మా ఆయన ఎక్కి కూర్చున్నాక వేసుకున్నాడు, అది పని చేసేలోగా జరగాల్సింది జరిగిపోయింది. అత్తమ్మ మాత్ర వద్దని ఉప్పు ఉసిరికాయ బుగ్గన పెట్టుకొని గంటన్నర సేపు ఎదుటి గోడ వైపే చూస్తూ కూర్చుంది. ఆమెకేమీ కాలేదు. ఉసిరికాయ మహిమో, ఆమె మొండితనమో. ప్రభుత్వ పడవ రెండు గంటల పైన పడుతుందిగానీ డెక్ మీద నిలబడొచ్చు, చౌక కూడా. కడుపు తిప్పే మనుషులుంటే నేనైతే అదే మేలంటాను.

రిసార్టు చేరేసరికి మూడయింది. కొబ్బరి బొండాలిచ్చారు, తాళాలిచ్చారు. పిల్లలు చొక్కాలు విప్పుకుంటూ బీచికి పరిగెత్తారు. అంతే వేగంగా వెనక్కొచ్చారు.

"నీళ్ళు లేవు" అంది చిన్నది.

నిజంగానే లేవు. కొబ్బరిచెట్ల ముందు నుంచి చాలా దూరం వరకు బూడిదరంగు రాళ్ళు, చచ్చిన పగడపు దిబ్బలు, మధ్యలో చిన్నచిన్న గుంటల్లో నీళ్ళు. సముద్రం ఎక్కడో అవతల గీతలాగా కనపడుతోంది. మా ఆయన రిసెప్షన్‌కి పోయి గొంతు పెంచాడు. అక్కడి అబ్బాయి ఇలాంటివి రోజూ వినేవాడిలాగే ఉన్నాడు, "లో టైడ్ సార్" అని నవ్వాడు. మామయ్య మాత్రం ఒడ్డున నిలబడి చేతులు వెనక్కి కట్టుకొని చూస్తున్నారు. "పాటులో ఉంది. అమావాస్య దగ్గర పడింది గదా, ఇట్టనే ఉంటాది. పొద్దున రాండి, నీళ్ళు మీ మెట్ల దాకా వస్తాయి" అన్నారు.

ఆయనకి ఇది కొత్త కాదు. గుంటల్లోకి వాగు నీళ్ళు తోడాలంటే పోటు వేళ చూసుకోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల విడుస్తుందని ఆ రోజుల్లో పట్టుబడి పెట్టరు. అంటే ఆయన బతుకంతా తిథుల మీదే నడిచింది, అత్తమ్మ తిథులు వేరు, ఈయన తిథులు వేరు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగే రోజులు కాబట్టి అమావాస్య, పౌర్ణములకి పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి వేళకి ఆ లాగుడు అడ్డంగా పడి తేడా తగ్గుతుంది. మన తీరంలో అమావాస్యకి కూడా ఆ తేడా మీటరు అటూ ఇటూ, మా తుమ్మలపెంట బీచిలో స్నానం చేసేవాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. అండమాన్‌లో దాదాపు రెండు మీటర్లు. పైగా తూర్పు ఒడ్డున నేల చదునుగా, పగడపు దిబ్బలతో చాలా దూరం పోతుంది, రెండు మీటర్లు దిగితే కనుచూపుమేర బయటపడుతుంది.

రిసెప్షన్ గోడ మీద పోటుపాట్ల పట్టిక ఉంది. ఎవరూ చూడని చోట, చేపల బొమ్మల చార్టు పక్కన. మామయ్య అది చూసి, మేత లెక్కలు రాసుకునే చిన్న పుస్తకంలో ఎక్కించుకున్నారు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతిరోజూ ముప్పావు గంట పైన ఆలస్యమవుతూ పోతాయి. ఆ సాయంత్రమే మా కార్యక్రమం మొత్తం తిరగరాశారు. మా ఆయన ఇంటర్నెట్లో చూసి తయారుచేసిన ప్లాను ఆ తర్వాత ఎవరూ తీయలేదు.

పొద్దున పూట రిసార్టు ముందే స్నానాలు. మామయ్య చెప్పినట్టే నీళ్ళు కొబ్బరిచెట్ల దాకా వచ్చి ఉన్నాయి, ఫోటోలో ఉన్నట్టే. ఆ ఫోటో అబద్ధం కాదు, పొద్దున తీసిందంతే. మధ్యాహ్నం పాటు వేళ తాతామనవళ్ళు చెప్పులతో దిబ్బల పక్క ఇసుకలో నడక. బతికున్న పగడం మీద కాలు పెట్టొద్దని రిసార్టువాళ్ళు మొదటే చెప్పారు. గుంటల్లో నల్లటి సముద్రపు దోసకాయలు, వేలెడంత నీలి చేపలు, అద్దె గుల్లలు మోసుకు తిరిగే పీతలు. స్నానం చేద్దామని వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ గదుల్లో టీవీ పెట్టుకున్న వేళల్లో మావాళ్ళకి అది పెద్ద ఆట అయింది.

సాయంత్రాలు రాధానగర్. అది పడమటి ఒడ్డు, రేవు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. అక్కడ దిబ్బలు లేవు, మెత్తటి ఇసుక వాలుగా దిగుతుంది, పాటులో కూడా స్నానానికి పనికొస్తుంది. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలోకెల్లా మంచి బీచి అంది, 2020లో, శుభ్రమైన బీచీలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. బట్టలు మార్చుకునే గదులు, జల్లు స్నానాలు శుభ్రంగా ఉన్నాయి, ఆడవాళ్ళకి ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదు. పొద్దు గూకేసరికి లైఫ్‌గార్డులు విజిళ్ళేసి అందరినీ బయటికి పంపేస్తారు. అత్తమ్మ అక్కడ ఇసుకలో కూర్చొని చాలాసేపు మాట్లాడలేదు. పుట్టి పెరిగింది సముద్రం పక్కనే, కానీ మన తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి లేవడమే చూశాం. "ఈడ మునుగుతున్నాడే" అంది.

నీళ్ళ రంగు గురించి మా పెద్దోడు అడిగాడు. రెండూ బంగాళాఖాతమే కదా, మనదెందుకు ఎర్రమట్టి నీళ్ళు, ఇక్కడెందుకు ఇంత నీలం అని. మనకి పెన్న, పైన కృష్ణ, అన్నీ బురద తెచ్చి కలుపుతాయి. అలలు అడుగునున్నదంతా లేపుతాయి. ఈ దీవుల్లో అంత పెద్ద నదులు లేవు, చుట్టూ పగడపు దిబ్బలు అలని విరిచేస్తాయి. "ఆ బురదే లేకుంటే మన రొయ్య యాడిది?" అని మామయ్య మన సముద్రం పరువు కాపాడారు.

పొద్దు విషయంలో ఇంకోటి. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా ముప్పావు గంట పైన ముందు. జనవరిలో కూడా ఐదున్నర దాటేసరికి వెలుతురు, సాయంత్రం ఐదున్నరకి చీకటి ముసురుతుంది. ఏడున్నరకి లేచి నింపాదిగా టిఫిను చేసేవాళ్ళు ఆ దీవిలో సగం రోజు పోగొట్టుకుంటారు. మేం ఐదున్నరకల్లా లేచేవాళ్ళం, అత్తమ్మ ఎటూ లేస్తుంది కాబట్టి మిగతావాళ్ళని పడుకోనివ్వదు.

ఎలిఫెంట్ బీచికి రేవు నుంచి చిన్న మోటారు పడవలు పోతాయి. ఒడ్డున వేళ్ళతో సహా పడిపోయిన మహావృక్షాలు, సునామీ నాటివని పడవవాడు చెప్పాడు. అద్దం ముఖానికి బిగించి, గొట్టం నోట్లో పెట్టి, టైరు పట్టుకోమని, గైడు మనల్ని లాక్కుపోతాడు. ముక్కుతో గాలి పీల్చే అలవాటు మానుకోవడమే కష్టం, నాకు రెండుసార్లు ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. మూడోసారి కింద చిలకపచ్చ చేపల మంద కనపడింది, ఆ తర్వాత నేను తల ఎత్తలేదు. పగడాలు మాత్రం అన్నిచోట్లా రంగులతో లేవు. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి ఈ దీవుల చుట్టూ చాలా పగడాలు తెల్లబోయాయి. ప్రకటనల్లో చూపించే రంగులు అక్కడక్కడా మాత్రమే.

పెద్దోడు ఎనిమిదో తరగతి, సిలిండరు కట్టుకొని నీళ్ళడుక్కి దిగే స్కూబాకి పదేళ్ళు దాటితే చాలు. ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపించారు. ఉబ్బసం, చెవి జబ్బు, గుండె జబ్బు ఏవన్నా ఉంటే దించరు. లోతు తక్కువ నీళ్ళలో కాసేపు నేర్పించి, ఇన్‌స్ట్రక్టరు వెనక నుంచి సిలిండరు పట్టుకొని తీసుకుపోయాడు. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని. అది తెలియక నీళ్ళలో ఉత్సాహంగా వేలెత్తేవాళ్ళని వెంటనే పైకి తెచ్చేస్తారట. చెవులు బిగుసుకుంటే ముక్కు మూసి ఊదాలి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. అందుకే దాన్ని వచ్చిన మర్నాడే పెట్టించాం.

తిండి గురించి నెల్లూరు జిల్లా మనిషి మాట్లాడకుండా ఎలా? హేవ్‌లాక్‌లో ఎక్కువమంది తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలవాళ్ళు. చేపల కూర అంటే ఆవాలముద్ద, ఆవనూనె. మొదటి రాత్రి అందరం బాగుందన్నాం, రెండో రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున అత్తమ్మ సంచీలోంచి మామిడి ఒరుగులు, చింతపండు, ఇంటి కారం బయటపడ్డాయి. గదులు సర్దే అబ్బాయి తండ్రిది శ్రీకాకుళం జిల్లా. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినా తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఈ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువాళ్ళే, ఎక్కువగా ఉత్తరాంధ్రవాళ్ళు. అతను మధ్యవర్తిత్వం చేసి, మేనేజరు ఒప్పుకొని, స్టాఫు వంటింట్లో ఒక పొయ్యి ఇచ్చారు. వంజరం ముక్కలు బజారు నుంచి తెచ్చాం. పులుసు పొంగు వచ్చేసరికి బెంగాలీ వంటమనిషి పక్కనే నిలబడి వాసన చూస్తున్నాడు. వండిన వెంటనే తినకూడదు, రాత్రికి తినాలని అత్తమ్మ మూత పెట్టేసింది. అతనికి ఆ మాట తెలుగు అబ్బాయి చెప్పాక కూడా నమ్మకం కుదరలేదు. రాత్రి రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

రెండు చిన్న సంగతులు. ఒడ్డున కంటికి కనపడని ఇసుక దోమలుంటాయి, కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు మొదలయ్యే దురద వారం పోదు. కాళ్ళకి కొబ్బరినూనె పట్టించుకుంటే కాస్త నయం. ఇంకోటి, చేతిలో డబ్బు ఉంచుకోవాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వచ్చాక నెట్ మెరుగైందంటారుగానీ, చిన్న కొట్ల దగ్గర ఫోను చెల్లింపులు అటకాయిస్తూనే ఉన్నాయి.

చివరి రోజు పోర్ట్ బ్లెయిర్. సెల్యులార్ జైలు పదేళ్ళు కట్టి 1906లో పూర్తి చేశారు, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. కూల్చిన చోట ప్రభుత్వాసుపత్రి ఉంది. ఆ గదుల ముందు చిన్నది అడిగిన ప్రశ్నలకి మా ఆయన ఒక్కదానికీ సరిగా జవాబు చెప్పలేకపోయాడు. అక్కణ్ణుంచి వండూరు వైపు టాక్సీలో పోతుంటే దారిలో సిప్పీఘాట్ వచ్చింది. మోళ్ళు తేలిన చెట్లు, నీళ్ళు నిలిచిన పొలాలు. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఇక్కడ నేలే దాదాపు మీటరు కిందికి దిగిపోయింది. సముద్రం వచ్చి వెనక్కి పోవడం కాదు, పోటు నీళ్ళు వచ్చి పొలాల్లో ఉండిపోయాయి. ఉత్తర అండమాన్‌లో మాత్రం నేల పైకి లేచి దిబ్బలు ఎండిపోయాయి. ఆ ఆదివారం మన తీరాన అల చూసినవాళ్ళలో మామయ్య ఒకరు. టాక్సీ ఆపించి, గట్టు మీద వంగి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నారు. "ఇరవై పైనే ఉంటాది ఉప్పు" అన్నారు, లీటరుకి ఇరవై గ్రాములని. గుంట చూసినా, వరిపొలం చూసినా ఆయన లెక్క అదే.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో చిన్నదాని సంచీలోంచి రెండు గుప్పెళ్ళ గవ్వలు బయటపడ్డాయి. చచ్చిన గవ్వయినా, పగడపు ముక్కయినా ఆ ఒడ్డు నుంచి తీసుకురానివ్వరు. అక్కడి బుట్ట అప్పటికే సగం నిండి ఉంది. అది ఏడ్చింది, అత్తమ్మ సెక్యూరిటీ ఆవిడతో తెలుగులో వాదించింది, ఆవిడ హిందీలో ఓపిగ్గా విన్నది. గవ్వలు బుట్టలో పడ్డాయి.

ఇంటికొచ్చాక కొత్త పంటకి రొయ్యపిల్లల సీడు వేసే హడావుడిలో కూడా మామయ్య మళ్ళీ పోవాలనే అంటున్నారు. ఈసారి అష్టమికి ఉండాలట, నీళ్ళు అంత దూరం పోవు, మధ్యాహ్నం కూడా పిల్లలు స్నానం చేయొచ్చు. అష్టమి నాడు ప్రయాణమేందని అత్తమ్మ. ప్రయాణం గాదు, ఉండటం అని మామయ్య. అయితే ఆరేడు తిథుల్లో బయల్దేరి అష్టమి, నవమి అక్కడే గడిపి దశమి నాడు రావాలి, దశమి నాడు టికెట్టు రేటు మండిపోద్ది గదా అని మా ఆయన. వాళ్ళు ముగ్గురూ ఇంకా క్యాలెండరు ముందే ఉన్నారు.